గుర్రానికున్న వెసులుబాటు గిత్తకేదీ?

ఏమండోయ్, ఒక్క నిమిషం ఇలా రండి. హైదరాబాదు మలక్‌పేటలో గుర్రం మీద పందెం కాస్తే తప్పు లేదు. మన మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ఒంగోలు గిత్తల మీద కాస్తే మాత్రం కేసు! గిత్తలేం పాపం చేశాయండీ?

1974 నాటి గేమింగ్ చట్టం ఎప్పుడైనా చదివారా? భలే సరదాగా ఉంటుంది. మట్కా, సట్టా, లక్కీ బోర్డు అంటూ ఒక్కోదాన్నీ పేరు పెట్టి పట్టుకుంది. గుర్రప్పందెం దగ్గరికొచ్చేసరికి దారి వదిలింది. దానికీ షరతులున్నాయి లెండి. పరుగు జరిగే రోజునే కాయాలి. అదీ మైదానం లోపల, సర్కారు అనుమతితో కేటాయించిన చోటే. బయట టీకొట్టు దగ్గర కాస్తే అదే పందెం జూదమైపోతుంది!

మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి జాతరలో బండ లాగి గెలిచిన గిత్తల జతకిచ్చే బహుమతి సంగతి వేరు. పక్కన నిలబడి ‘ఈ జత మీద పదివేలు’ అనే పై పందెం సంగతి వేరు. చట్టం జూదమనేది ఈ రెండోదాన్నే.

అన్నట్టు, రమ్మీ కథ విన్నారా? ఓసారి సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పెట్టిన పేకాట కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967లో తీర్పొచ్చింది. రమ్మీ మూడుముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నేర్పున్న ఆటే అన్నారు. ఇప్పటికీ దేశంలో ఎక్కడ పేక కేసొచ్చినా వకీళ్లు ఈ తీర్పే తీస్తారు. మన పేకముక్కలకు ఎంత మర్యాదో చూడండి!

ఆ మర్యాద ఇక్కడ 2017 దాకానే. ఆ ఏడు తెలంగాణ సర్కారు చట్టం మార్చి, డబ్బు పెడితే రమ్మీ అయినా జూదమే, ఫోన్‌లో ఆడినా జూదమే అంది. పొలిమేర దాటి ఆంధ్రాలోని జగ్గయ్యపేట పోదామంటారా? అక్కడా అదే 1974 చట్టం. వాళ్లూ 2020లో ఆన్‌లైన్ పందేలకు తలుపు మూశారు. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. మంచి పనే చేసింది. ఎదుటివాడి మొహం కనపడకుండా, వాడు ముక్క తీసి నవ్వు దాచుకోవడం చూడకుండా ఆడేది పేకాటేనా?

పైసా పెట్టకుండా అరుగు మీద ఆడుకునే రమ్మీకి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు. పొద్దువాలాక రండి, ఓ చేయి తక్కువైంది.