చిల్లర లెక్కపెట్టే భాష



మేము ఎట్టయాపురంలో ఉంటాము. రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరైనవాళ్ళం. చదువంతా అరవ మీడియం. తెలుగు మాట అమ్మ ఇచ్చింది, తెలుగు అక్షరాలు మాత్రం అరవై దాటినాక నేర్చుకున్నాము. తప్పులుంటే మన్నించండి. జాబు కొంచెం పొడుగు, తీరుబడిగా చదవండి.

పోయిన పత్తి కాలంలో తమ్ముని నల్లరేగడి చేనికి పోయినాము. అక్కడక్కడా కర్ర నాటి, గరాటు కట్టి, కింద పొడుగాటి సంచి తగిలించినారు. సంచి నిండా చచ్చిన రెక్కపురుగులు. కాయలో దూరే గులాబీరంగు పురుగు పెద్దదైతే ఇదేనంట. అన్నీ మగవే! గరాటులో చిన్న రబ్బరు బిళ్ళ ఉంది, దానికి ఆడపురుగు వాసన పట్టించినారు. అది నిజమని నమ్మి వచ్చి పడతాయి. హెక్టారుకు 5 పెట్టి, ఒక్కో బుట్టలో రాత్రికి 8 చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే అప్పుడు మందు కొట్టే ఆలోచన చేస్తారు. చేను నిండా అదే వాసన నింపే పద్ధతి కూడా ఉంది. అప్పుడు మగదానికి ఏ దిక్కు పోవాలో తెలియక తికమకపడి, జత దొరకకుండానే పోతుంది.

తమ్ముని కూతురు జువాలజీ చదువుతోంది. "పెదనాయనా, దీనికైనా కళ్ళున్నాయి. కళ్ళూ చెవులూ లేని పురుగు ఎట్లా జత వెతుక్కుంటుందో తెలుసా?" అని మొదలుపెట్టింది. ఆ రాత్రి పది దాటేదాకా వింటూనే ఉన్నాము.

పిల్లల కడుపులో ఏలికపాములు మనకు తెలిసినవే. ఆ కులంలోదే ఇంకొక పురుగు ఉంది, పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. మనిషికి ఏ హానీ చేయదు. కుళ్ళిన పండ్లలో, ఎరువు దిబ్బలో బతుకుతుంది, పొడవు ఒక మిల్లీమీటరు. సిడ్నీ బ్రెన్నర్ అనే శాస్త్రవేత్త 1960లలో దీన్ని పరిశోధనకు ఎంచుకున్నాడు, 2002లో నోబెల్ కూడా వచ్చింది. ఇందులో విడిగా ఆడవి లేవు. మగవి కొన్ని, మిగిలినవన్నీ ఆడా మగా కలిసిన ఉభయలింగాలు. ఉభయలింగానికి నరాల కణాలు 302. మగదానికి ఇంకో ఎనభైకి పైగా ఎక్కువ, వాటిలో చాలావరకు జత కోసమే. తలలో నాలుగు కణాలైతే మగదానికి మాత్రమే ఉంటాయి, వాసన పసిగట్టే పనిలో వాటికీ పాలు ఉంది.

ఆ వాసన ఒక రకం చక్కెరకు కొవ్వు తోక అతికించిన పదార్థం. ఏలికపాము శాస్త్రీయ నామం మీదనే వాటికి ఆస్కరోసైడ్లు అని పేరు. 2008లో తేలిన సంగతి ఏమంటే, ఒక్కొక్కటిగా ఇస్తే మగపురుగు పెద్దగా పట్టించుకోదు, రెండు మూడు కలిపితే అతి కొంచెానికే పరుగెత్తి వస్తుంది. మోతాదు మరీ పెరిగితే ఆ ఆకర్షణ పోతుంది. జనం కిక్కిరిసి ఈ పదార్థాలే నిండిపోతే, పిల్లపురుగులు తిండి మాని, ఎదుగుదల ఆపి, మంచి రోజుల కోసం నెలల తరబడి అట్లానే ఉండిపోతాయి.

ఇది విని మాకు టిక్కెట్టు కౌంటరు గుర్తుకొచ్చింది. అట్ట టిక్కెట్టు, తేదీ కొట్టే మిషను ఉన్న రోజులు. వచ్చినవాళ్ళందరూ అరవంలోనే అడుగుతారు. కానీ చిల్లర ఎంచేటప్పుడు నోటిలోపల "ఒకటి, రెండు, మూడు" అని వినబడేది. డబ్బు మాత్రం అమ్మ భాషలోనే ఎంచుతారు. అది చాలు మాకు. "ఏ ఊరండి మీది?" అంటే అవతలి మొహం వెలిగిపోయేది. 1990లో సాత్తూరు వైపు ఆయన ఒకరు అట్లా ఎంచి మదురైకి టిక్కెట్టు కొన్నారు. ఇరవై ఏండ్ల తరువాత ఆయన కూతురే మా పెద్ద కోడలు.

ఇప్పుడు మా చిన్నబ్బాయికి 35. మద్రాసులో ఉద్యోగం. మన గ్రూపులో తెల్లవారితే యాభై జాతకాలు, జీతం, ఇంటి స్థలం, ఫోటో. చేను నిండా వాసన నింపినట్టే ఉంది. పోయిన నెల ఒక అమ్మాయి తండ్రి ఫోన్ చేసినారు. ఆయన అరవంలో మాట్లాడినారు, మావాడు ఇంగ్లీషులో జవాబు చెప్పినాడు. రెండు ఇళ్ళదీ తెలుగే. నాలుగు నిమిషాల్లో ముగిసింది. పక్కనే కూర్చుని వింటున్న మేము ఏమీ అనలేదు. అనడానికి మొహం లేదు. రైల్వే క్వార్టర్సులో వాడు చిన్నప్పుడు తెలుగు మాట్లాడితే, "స్కూల్లో మార్కులు తగ్గుతాయి, ఆపు" అన్నది మేమే కదా.

మన ఎట్టయాపురంలోనే 1904లో సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు అక్షరాల్లో అచ్చయింది. దాని ముందు పుట చదవడానికి మాకు అరవై ఏండ్లు దాటినాయి. వాసన ఉంటే చాలదు, పట్టే కణం కూడా ఉండాలి. తండ్రిగా మేము పిల్లల్లో ఆ కణాన్నే ఎండబెట్టినాము.

సంఘం పెద్దలకు రెండు మనవులు. గ్రూపులో జాతకాలు వారానికి పది మించకుండా పెట్టండి. వచ్చే వధూవరుల సమావేశంలో అరగంట ఫోన్లు పక్కన పెట్టి, నాలుగేసి కుటుంబాలను ఒకచోట కూర్చోబెట్టి ఇంటి తెలుగులో మాట్లాడనీయండి. తప్పులొస్తే రానీయండి, నవ్వుకుంటాము. సంబంధం కుదరకపోయినా ఒకరికొకరు తెలుస్తారు.

చిన్నబ్బాయి ఇప్పుడు ఆదివారం పూట ఫోన్ చేసి తెలుగులో నాలుగు మాటలు మాట్లాడుతున్నాడు. తడబడుతున్నాడు. మేము దిద్దడం లేదు, వింటున్నాము.

ఇంటి పిల్లలకు మా ఆశీస్సులు.