పాతకారు యోగక్షేమములు

లేనిదానిని సంపాదించుట యోగమనియు, ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమమనియు సంస్కృత వ్యాఖ్యాతలు చెప్పుదురు. తరగతిలో ఈ సమాసమును బోధించునప్పుడు పొలమును, పాడిని ఉదాహరణముగా చూపుట నాకు వాడుక. ఈ నడుమ అంతకంటె మంచి ఉదాహరణము మా ముప్పాళ్ళ వీధులలోనే దొరకుచున్నది. అది సెకండుహాండు కారు.

మిరపకు ఒక యేడు మంచి ధర వచ్చెనేని, లేక యింటిలో నొకరికి ఉద్యోగము కుదిరెనేని, మొదట పుట్టు కోరిక కారు. క్రొత్తదానికి చేయి చాలదు గావున పాతది కొందురు. అందును చూపునకు జీపువలె ఎత్తుగా నుండి, లోపల చిన్నకారు నిర్మాణమే గల కాంపాక్టు క్రాసోవరులమీద మక్కువ మెండు. దీనినంతయు డంబమని తీసివేయుట న్యాయము గాదు. ముసలితల్లికి నడిరేయి ఆయాసము వచ్చినపుడు నరసరావుపేటకో గుంటూరునకో పోవలసిన కుటుంబమునకు బండి యవసరమే. వాన కురిసిన నల్లరేగడి బాటలో ఎత్తైన బండి అక్కరకు వచ్చుననుటయు నిజమే. కొన్ననాటితోనే ఖర్చు ముగిసినదని తలచుటయే మనవారి లోపము.

ఈ బండ్లు మన దేశమున నింతగా వ్యాపించుటకు పన్నులు కొంత కారణము. 2006 మొదలుకొని నాలుగు మీటర్లకు లోబడిన పొడవును, చిన్న యింజనును గల కార్లకు పన్ను తగ్గించిరి. ఆ పొడవులోనే ఎత్తైన బండిని ఇముడ్చుటకు కంపెనీలు పోటీపడినవి. 2013లో ఫోర్డు ఎకోస్పోర్టు, 2016లో మారుతి విటారా బ్రెజ్జా, 2019లో హ్యుందాయి వెన్యూ, 2020లో మన పెనుకొండ చెంత తయారగు కియా సోనెట్టు వెలువడినవి. నేడు చేతులు మారుచున్న బండ్లలో ఇట్టివి పెక్కులు. వీనిని జీపులని భ్రమపడరాదు. పాతకాలపు జీపునకు ఇనుప చట్రము వేరు, పైతొడుగు వేరు. వీనికి శరీరమే చట్రము. చాలవరకు ముందుచక్రములే బండిని లాగును. జీపు ఓర్చుకొను గోతులదెబ్బ వీని కీళ్ళను త్వరగా అరుగదీయును.

షెడ్డులో మేస్త్రీలు చెప్పు రోగములలో మొదటిది ఈ కీళ్ళనొప్పియే. గోతిలో మెల్లగా దిగునప్పుడు ముందువైపున టకటకమని చప్పుడైనచో లింకురాడ్డులో, బుష్షులో అరిగియుండును. వేగముతోపాటు తుమ్మెదరొదవంటి మ్రోత హెచ్చినచో చక్రపు బేరింగును అనుమానింపవలెను. ఇవి కొన్ని వేలతో పోవు జబ్బులు. ఉపేక్షించినచో టైర్లు ఒక ప్రక్కనే అరిగి, నాలుగింటికి 20 వేలకు పైగా పెట్టవలసివచ్చును.

రెండవది క్లచ్చు. ఇంజను రొద పెరిగియు వేగము పెరుగకుండుట దాని గుర్తు. సామాన్యపు సెట్టు బయటి షెడ్డులో 10, 15 వేలతో సరిపడవచ్చును. కొన్ని డీజిలు బండ్లలో నుండు జంట ఫ్లైవీలు కూడ చెడినచో ఖర్చు 50 వేలు దాటుటయు కలదు.

మూడవది డీజిలు బండికి ప్రత్యేకము. 2020 ఏప్రిలు 1 నుండి అమలైన బి.ఎస్.6 నియమములకు తగిన డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టు జల్లెడ యొకటి యుండును. అందలి మసి కాలిపోవుటకు బండి అప్పుడప్పుడు కొంతసేపు నిలుకడయైన వేగముతో నడువవలెను. దినమున కొక మారు బడికిని, ఒక మారు బజారునకును మాత్రమే పోవు బండిలో ఆ జల్లెడ పూడుకొనును. లీటరునకు మిగులు కొద్దిరూపాయలను చూచి డీజిలు కొనువారు తమ తిరుగుడెంతయో మొదట లెక్కించుకొనవలెను.

నాల్గవది వేడిమి. రెంటచింతల యెండలను ఎరిగిన మాకు దీనిని వివరింప నక్కరలేదు. కూలెంటునకు మారుగా బోరునీరు పోయు అలవాటు పల్లెలలో నింకను పోలేదు. సున్నపుపాలు గల ఆ నీరు కాగినకొలది, కాగుబిందెలోవలెనే రేడియేటరులోను తెల్లని పెచ్చుకట్టును. దారులు మూసికొని పోయి, ఇంజను హెడ్డు వంగిన పిమ్మట, కొన్నివందల ఆదాయమునకు వేలకు వేలు చెల్లింపవలెను.

అన్నిటికంటె కపటమైనది టైమింగు బెల్టు. అన్ని యింజనులకును ఇది యుండదు, కొన్నింట గొలుసుండును. బెల్టు గల యింజనులో గడువు దాటిన బెల్టు తరచుగా ఏ చప్పుడును చేయక తెగును. తోడనే చాల యింజనులలో వాల్వులు పిస్టనులకు తగిలి వంగును. ఇట్టిచోట చెవిని నమ్మి లాభము లేదు. మార్చిన రసీదును అడుగవలెను.

నేనెరిగిన యొక గృహస్థు 5 లక్షలకు పాత డీజిలు బండి కొనెను. అందు 2 లక్షలు అప్పు. నాలుగు నెలలలో క్లచ్చును, ఫ్లైవీలును, ఏసీ కంప్రెసరును వరుసగా పోయినవి. లక్షకు చేరువగా బిల్లయ్యెను. ఇంటిలో చెప్పుటకు సిగ్గుపడి మరల అప్పు చేసెను. కూతురి కాలేజి ఫీజు కట్టవలసిననాడు గాని సంగతి బయటపడలేదు. గుంటూరులో సీటు వచ్చిన ఆ పిల్ల దానిని మానుకొని దగ్గరనున్న వేరొక కాలేజిలో చేరినది. ఆమె నా శిష్యురాలు. "మాస్టారూ, బండి కొనేముందు నాన్న అమ్మనొక్కమాట అడిగితే బాగుండేది కదండీ?" అని నన్నడిగినది. ఆ తల్లి పొదుపు సంఘమున పదిమంది స్త్రీల లెక్కలు పైసతో సహా వ్రాయు మనిషి. ఊరివారి డబ్బునకు నమ్మదగిన ఆమె, తన యింటి యప్పు విషయమున సలహాకైనను నోచుకొనలేదు. బండ్ల సంగతి ఆడవారికేమి తెలియునని మన మగవారి ధీమా. క్లచ్చు తెలియకున్నను, చేతిలో ఎంతయున్నది, ముందు ఏ ఖర్చున్నది అనునది ఆమెకు తెలియును. ఆ యింటికి కావలసిన జ్ఞానమదియే.

కావున కొనదలచినవారు, అమ్మువానితో సంబంధము లేని మేస్త్రికి కూలి యిచ్చి బండిని చూపవలెను. స్టీరింగు క్రిందనుండు ప్లగ్గునకు స్కానరు తగిలించి దాగిన లోపముల కోడులను చదివింపవలెను. మీటరు చూపు కిలోమీటర్లను పెడలు రబ్బరు అరుగుదలతో పోల్చవలెను. టైరుమీది నాలుగంకెలు దాని పుట్టుకను చెప్పును. 2319 అనగా 2019లో 23వ వారము. తయారీదారు నిలిచియున్నాడో లేదో విచారింపవలెను. 2021లో ఫోర్డు మన దేశమున కార్ల తయారీని ఆపుచున్నట్లు ప్రకటించిన పిదప, ఆ బండి కొనువారికి విడిభాగముల విచారణ మరింత అవసరమైనది. ఆర్సీపై ఫైనాన్సు బాకీ తొలగినదో చూడవలెను. కొన్న తరువాత 14 దినములలో భీమాను తన పేరికి మార్పించుకొనుటకు దరఖాస్తు పెట్టవలెను. చేతిలో 5 లక్షలున్నచో నాలుగుంబావు లక్షల బండినే వెదకి, మిగిలిన 75 వేలను క్షేమమునకై వేరుగా నుంచి, ఆ పద్దును ఇల్లాలి చేతికీయవలెను.

అమ్మువారితోను ఒక మాట. కారును కడిగి మెరపించి, క్లచ్చు జారుటను దాచి అమ్మినవానిని మన యూళ్ళలో గడుసువాడని మెచ్చుకొందురు. ఆ గడుసుదనమునకు వెల చెల్లించునది మరియొక యింటి పిల్ల. చెడినదానిని చెప్పి, ఆ మేరకు ధర తగ్గించి యమ్మినచో మనకు పోవునది కొన్ని వేలు. బడిలో సత్యమును గూర్చి నేను చెప్పు పాఠము పిల్లలకు నిలువవలెనన్న, వారి తండ్రులు బండి యమ్ముకొనునాడు దానిని ఆచరించి చూపవలెను.