నాగమ్మగారి లేఖలు చదువుకుంటూ రమణాశ్రమంలో

తిరువణ్ణామలై ఊరు దాటి చెంగం రోడ్డు పట్టుకుంటే రెండు కిలోమీటర్ల లోపే రమణాశ్రమం. గేటు లోపలికి అడుగు పెట్టగానే పెద్ద ఇప్పచెట్టు. దాని నీడలో చెప్పులు విడిచేవాళ్లు, నెమళ్ల వెనక పరుగెత్తే పిల్లలు, గిరిప్రదక్షిణ ముగించి కాళ్లు చాపుకుని కూర్చున్నవాళ్లు. ఆ మాటల్లో సగం తెలుగే. తిరుపతి నుంచి, విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి ఇప్పుడు ఎంతమంది వస్తున్నారో ఆ చెట్టు కింద కాసేపు నిలబడితే తెలిసిపోతుంది. నా సంచిలో సూరి నాగమ్మగారి ‘శ్రీ రమణాశ్రమ లేఖలు’ ఉంది. అందులో ఆవిడ చూపించిన చోట్లన్నీ నా కళ్లతో చూడాలని వచ్చాను.

నాగమ్మగారిది గుంటూరు జిల్లా కొలనుకొండ. 1902లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. ఊహ తెలిసీ తెలియని వయసులో పెళ్లి, ఆ వెంటే వైధవ్యం. బడి చదువు లేదు. ఇంట్లోనే అక్షరాలు నేర్చుకుని పురాణాలు చదువుకున్నారు. ఆనాటి సమాజం అలాంటి ఆడపిల్లకు ఇంట్లో ఒక మూల మాత్రమే మిగిల్చేది. ఆ మూల నుంచి లేచి 1941లో ఆవిడ అరుణాచలం, అంటే ఈ తిరువణ్ణామలై, వచ్చారు. ఇక్కడ జరుగుతున్నది రాసి పంపమని అన్నగారు డి.ఎస్. శాస్త్రిగారు అడిగారు. 1945 నవంబరులో మొదలైన ఆ ఉత్తరాలు 1950లో భగవాన్ రమణ మహర్షి దేహం చాలించే దాకా సాగాయి. ఇంట్లోవాళ్లకు చెప్పుకునే తెలుగులో రాసిన ఆ ఉత్తరాలు ఈ రోజు ప్రపంచమంతటా భగవాన్ భక్తులు చదివే గ్రంథం. ఇంగ్లీషులోకి మార్చినవారు ఆ అన్నగారే.

ముందుగా పాత హాల్లోకి వెళ్లాను. పొడవాటి మామూలు గది. ఒక పక్కన భగవాన్ ఏళ్ల తరబడి కూర్చున్న సోఫా, దాని మీద ఇప్పుడు ఆయన నిలువెత్తు చిత్రం. కింద నేల మీద పాతికమంది కళ్లు మూసుకుని కూర్చున్నారు. గోడవారగా నాకూ చోటు దొరికింది. నాగమ్మగారు చూసిన హాలు ఇంత నిశ్శబ్దంగా ఉండేది కాదు. ఉత్తరాలు చదివేవాళ్లు, సందేహాలు అడిగేవాళ్లు, పసిపిల్లల్ని కాళ్ల దగ్గర పడుకోబెట్టేవాళ్లు, సోఫా మీదికెక్కి భగవాన్ చేతిలోంచి పప్పులు తినిపోయే ఉడతలు. ఆ సందడి మధ్యలో ఆయన కదలకుండా ఉండేవారు. వచ్చినవాళ్లకు అదే ఉపదేశం.

మధ్యాహ్నం పూట ఆయన విశ్రాంతి తీసుకోవాలని, ఆ వేళ హాల్లోకి ఎవరినీ రానివ్వకూడదని ఒకసారి ఆశ్రమంవాళ్లు నియమం పెట్టారు. ఆ వేళకి భగవాన్ లేచి బయటికొచ్చి కూర్చున్నారు. లోపలికి రాకూడదన్నది వచ్చేవాళ్లకు పెట్టిన నియమం గదా, తాను బయట కూర్చోకూడదని ఎవరూ అనలేదు గదా అన్నది ఆయన తీరు. ఎవరినీ కోప్పడలేదు, నియమం తీసేయమని ఆజ్ఞాపించలేదు. ఎంతో దూరం నుంచి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నిలబడిపోవడం ఆయనకు ఇష్టం లేదు, అంతే. ఆ గుమ్మం దగ్గర నిలబడి ఈ సంగతి గుర్తు చేసుకున్నప్పుడు, గురువు అందుబాటులో ఉండటమంటే ఏమిటో నాకు అర్థమైంది.

నాగమ్మగారు మొదట్లో నోరు విప్పి అడగడానికి జంకారు. తన వేడుకోలును పద్యాలుగా రాసి భగవాన్ చేతికిచ్చారు. ఆ జంకు క్రమంగా చనువుగా మారింది. 1947 ఫిబ్రవరిలో ఆవిడ కోరిక మీదే భగవాన్ ‘ఏకాత్మ పంచకం’ రాశారు. తమిళ వెణ్బా ఛందస్సులో, ముందు తెలుగులో రాసి, తర్వాత తానే తమిళంలోకి మార్చారు. తమిళనాట పుట్టిన మహర్షి, బడి మొహం చూడని ఒక తెలుగు వితంతువు అడిగితే ఆవిడ భాషలో ఆత్మతత్త్వం చెప్పారు. మా తెలుగువాళ్లు ఈ సంగతిని ఇంకా ఎక్కువగా చెప్పుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎవరి భాషలో వాళ్లకు చెప్పడం ఆయన పద్ధతి. తమిళంలో తాను రాసిన ‘ఉపదేశ ఉందియార్’ను కూడా తెలుగు, సంస్కృతం, మలయాళాల్లో తానే మళ్లీ రాశారు.

హాల్లోంచి వంటశాల వైపు నడిచాను. నా దృష్టిలో ఆశ్రమానికి గుండెకాయ ఇదే. 1922 మే 19న తల్లి అళగమ్మ కన్నుమూసినప్పుడు ఆవిడను కొండ దిగువన సమాధి చేశారు. భగవాన్ కొండ దిగి ఆ సమాధి దగ్గరికి వచ్చి ఉండిపోగా, దాని చుట్టూ ఈ ఆశ్రమం పెరిగింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు తెల్లవారుజామునే లేచి కూరలు తరిగింది, పచ్చళ్లు నూరింది భగవానే. ఆయన దగ్గర వంట నేర్చుకున్న ఆడవాళ్లు చెప్పిన జ్ఞాపకాల్లో తాత్త్విక చర్చలు తక్కువ. కూర తొక్కలు పారేయకుండా ఆవులకు పెట్టమనడం, నేల మీద పడ్డ బియ్యపు గింజల్ని ఒక్కొక్కటే ఏరడం, చెప్పిన పని చెప్పినట్టు చేయమనడం ఎక్కువ. ఆయనకు ప్రత్యేకంగా ఏదైనా తెస్తే అందరికీ పంచాల్సిందే. అందరికీ సరిపోకపోతే తనకూ వద్దనేవారు. బలం కోసమని మందో పాలో తెచ్చి ఇచ్చినా అదే మాట.

ఆ పద్ధతి ఇప్పటికీ నిలిచి ఉంది. భోజనాల గంటకు ముందే బయట సాధువులకు, బీదలకు వడ్డన జరిగింది. కాషాయం కట్టినవాళ్లు, కట్టనివాళ్లు, చేతికర్ర ఆనించుకున్న ముసలివాళ్లు వరసగా కూర్చున్నారు. వాళ్లది అయ్యాకే లోపల మాకు. నేల మీద వరసలు, ముందు విస్తరాకులు, బకెట్లతో అన్నం, సాంబారు, కూర, మజ్జిగ. నా పక్కన కూర్చున్న పెద్దావిడ గోదావరి జిల్లా నుంచి వచ్చారు. వడ్డించే కుర్రాడు రెండోసారి అన్నం పెట్టబోతే, “చాలు నాయనా, వదిలేస్తే పాపం” అన్నారు. మహర్షి గురించి ఏం చదివారండీ అని అడిగితే, పెద్దగా ఏమీ చదవలేదని, ఇక్కడికొచ్చి వెళ్లినప్పటి నుంచి ఇంట్లో అన్నం పారేయడం మానేశానని చెప్పారు. ఆ మాట నాకు ఏ ప్రవచనం కన్నా తక్కువ కాదు.

భోజనాలయ్యాక జంతువుల సమాధుల దగ్గరికి వెళ్లాను. ఆవు లక్ష్మి, జింక, కాకి, కుక్క పక్కపక్కనే ఉన్నాయి. 1926లో దూడగా వచ్చిన లక్ష్మి 1948 జూన్ 18న ప్రాణం విడిచింది. ఆఖరి గడియల్లో భగవాన్ దాని పక్కన కూర్చుని తల ఒళ్లో పెట్టుకున్నారు. దానికి ముక్తి కలిగిందని తమిళంలో పద్యం రాశారు. నాగమ్మగారి లేఖల్లో ఉడతపిల్లలు, కోతులు, 1947లో బరోడా నుంచి వచ్చిన తెల్లనెమలి మనుషులతో సమానంగా కనిపిస్తాయి. ఆవిడ వాటి గురించి రాయడం కాలక్షేపానికి కాదు. నేను దేహాన్ని కాదని చెప్పిన మనిషి, ఎదుటి దేహం మనిషిదా పశువుదా అని తేడా చూపుతాడా లేదా అన్నది ఆవిడ గమనించారు. తేడా లేదన్నది కళ్లారా చూసి రాశారు.

ఎండ తగ్గాక ఆశ్రమం వెనక నుంచి రాతిమెట్ల దారిలో కొండెక్కాను. స్కందాశ్రమం చేరడానికి అరగంటకు పైగా పట్టింది. కొబ్బరిచెట్లు, ఊట నీళ్లు, చల్లటి గదులు. కింద అరుణాచలేశ్వరుడి గోపురాలు తొమ్మిదీ ఒకే చూపులో కనిపిస్తాయి. 1916 నుంచి 1922 దాకా భగవాన్ తల్లితో ఇక్కడ ఉన్నారు. ఇంకాస్త దిగితే విరూపాక్ష గుహ. 1907 నవంబరు 18న బొబ్బిలి దగ్గరి కలువరాయికి చెందిన కావ్యకంఠ గణపతి ముని ఇక్కడే ఆయన పాదాలు పట్టుకున్నారు. శాస్త్రాలన్నీ చదివాను, మంత్రజపం చేశాను, అయినా తపస్సంటే ఏమిటో తెలియలేదని విన్నవించుకున్నారు. ‘నేను’ అన్నది ఎక్కడ పుడుతోందో చూడమని, మంత్రధ్వని ఎక్కణ్ణుంచి వస్తోందో చూడమని, మనసు అక్కడ లీనమైతే అదే తపస్సని జవాబు వచ్చింది. అప్పటిదాకా బ్రాహ్మణస్వామి అని పిలిచే ఆ యువకుణ్ణి ‘భగవాన్ శ్రీ రమణ మహర్షి’ అని లోకానికి చాటినవారు ఆ ముని.

గుహలో కూర్చున్నప్పుడు ఈ ఇద్దరు తెలుగు భక్తులూ నా మనసులో పక్కపక్కన నిలిచారు. ఒకరు మహాపండితుడు, ఇంకొకరు బడికి పోని స్త్రీ. ఆయన అడిగిన ప్రశ్నకు నాలుగు మాటల్లో జవాబు దొరికింది. ఆవిడకు అదే జవాబు ఏళ్ల పాటు, రోజువారీ సంఘటనల్లో దొరికింది. పండితుడు దాన్ని సంస్కృతంలో ‘రమణ గీత’గా కూర్చారు, ఆవిడ అన్నయ్యకు ఉత్తరాలు రాశారు. తూకం వేస్తే ఏదీ తక్కువ కాదు.

కిందికి దిగి, చీకటి పడుతుండగా నిర్వాణ గది ముందు నిలబడ్డాను. చిన్న గది. కిటికీలోంచి చూడటమే. 1949లో ఎడమచేతి మీద లేచిన కంతికి ఆ ఏడాదిలో నాలుగుసార్లు కోత పెట్టారు. అయినా తిరిగి వచ్చింది. నొప్పి ఎంతున్నా భక్తులకు దర్శనం ఆపడానికి ఆయన ఒప్పుకోలేదు. 1950 ఏప్రిల్ 14 రాత్రి 8 గంటల 47 నిమిషాలకు, బయట భక్తులు ‘అక్షర మణమాల’ స్తోత్రం పాడుతుండగా శ్వాస ఆగింది. అదే సమయంలో ఆకాశంలో ఒక వెలుగు కొండ వైపు సాగిందని చూసినవాళ్లు చెప్పారు. అప్పుడక్కడే ఉన్న ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్తియే బ్రెసాన్ కూడా దాన్ని చూశానన్నాడు.

ఆ వెలుగు గురించి చాలామంది అడుగుతారు. నన్ను కదిలించింది మాత్రం ఆ ముందు నెలల్లో ఆయన నడిచిన తీరు. తన దేహం కరిగిపోతున్నా ఎదుటివాళ్లు ఆకలితో, నిరాశతో తిరిగి వెళ్లకూడదన్న పట్టింపు. ఒక గురువు దగ్గర మనకు కలిగిన అనుభవం నిజమైనదో కాదో తెలుసుకోవడానికి ఒకటే గుర్తు అని నాకు నమ్మకం: ఇంటికి వచ్చాక మన నడత మారిందా? పక్క మనిషికి వడ్డించే చెయ్యి, పనివాళ్లతో మాట్లాడే గొంతు, వాకిట్లోకి వచ్చిన కుక్కను చూసే చూపు మారాయా? గోదావరి పెద్దావిడకు మారాయి. నాగమ్మగారికి జీవితమే మారింది. మూల కూర్చోవలసిన మనిషి ఒక మహర్షి చరిత్రకు సాక్షి అయ్యారు.

అరుణాచలం వెళ్లే తెలుగువాళ్లకు నా మనవి ఒకటి. పున్నమి ప్రదక్షిణ చేయండి, స్వామి దర్శనం చేసుకోండి, తప్పకుండా. వెళ్లే ముందు మాత్రం నాగమ్మగారి లేఖలు కొన్నయినా చదవండి. మీ ఇంట్లో ఏ మహాత్ముణ్ణయినా దగ్గరగా చూసిన తాతయ్యో అమ్మమ్మో ఉంటే, వాళ్లు చూసింది అడిగి రాసి పెట్టుకోండి. మహిమలు అడగకండి, ఆయన ఏం తినేవారు, ఎవరిని ముందు పలకరించేవారు, కోపం వస్తే ఏం చేసేవారు అని అడగండి. నాగమ్మగారు అన్నగారికి రాసిందంతా అలాంటి సంగతులే. భగవాన్‌ని కళ్లతో చూడని నాలాంటి వాళ్లకు ఆయన్ని చూసినంత ధైర్యం ఇచ్చినవీ అవే.