లీలావతికి ఒక వన్స్‌మోర్

‘వన్స్‌మోర్’ అనే మాటను తెలుగు పల్లె ఎప్పుడో తన సొంతం చేసుకుంది. బడి ముఖం చూడని రైతు కూడా పద్య నాటకం దగ్గర చాప మీంచి లేచి, తలపాగా సర్దుకుని, గొంతెత్తి ఆ మాట అరిచేవాడు. నటి అప్పుడే పద్యం ముగించి ఉంటుంది. చివరి పాదం మీద తీసిన రాగం ఇంకా పందిరి గుంజల దగ్గరే తిరుగుతూ ఉంటుంది. హార్మోనిస్టు ఆమె వంక చూస్తాడు. ఆమె ఒక గుటక వేసి తలూపుతుంది. తిత్తి మళ్లీ కదులుతుంది. లోహితాస్యుణ్ని ఒళ్లో పెట్టుకుని కాటిలో కూర్చున్న చంద్రమతి అదే ఏడుపును మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. అది కథకు అడ్డమని అక్కడ ఎవరికీ తోచదు. కథ అందరికీ తెలిసిందే. వచ్చింది ఆ గొంతు కోసం.

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు ఇలాంటి నాటకాలు చూసిన పాతతరం వాళ్లను కదిపితే చాలు. పల్లికాయలు ఒలుస్తూనో, అరుగు మీద చుట్ట వెలిగిస్తూనో మొదలుపెడతారు. ఏ నాటకం అని అడిగితే ఆలోచిస్తారు కానీ, ఎవరు పాడారంటే తడుముకోరు. “ఆమె పాడితే ఊరి కుక్కలు గూడ ఊరుకునేవి” అంటారు. ఆ వెంటనే, “అసొంటోళ్లు మళ్లెక్కడొస్తరు” అని చేతిలో పల్లికాయను చిదుముతారు. ఆ మాటలో ఉన్నది ఉత్త పాతకాలపు మోజు కాదు. ఒక మనిషి తమ ఎదుట నిలబడి, తమ కోసమే పాడి, తాము అడిగితే మళ్లీ పాడిన అనుభవం అది. దానికి బదులు తర్వాత వాళ్లకు ఇంకేదీ దొరకలేదు.

ఈ నేలకు ఆ రుచి కొత్తది కాదు. ఇటిక్యాలపాడు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచే హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటపాటలు చూసి మురిసిపోయారు అని వెతికింది. అందుకు ఆయన ఆధారం చేసుకున్న కావ్యాల్లో ‘క్రీడాభిరామం’ ఒకటి. అందులో ఓరుగల్లు వీధిలో పాడుతూ అడుగులు వేసే జక్కుల పురంధ్రి కనిపిస్తుంది. అంటే ఆడమనిషి పాట చుట్టూ తెలుగువాళ్లు గుమిగూడి కొన్ని వందల ఏళ్లు దాటింది.

అయినా ఆధునిక నాటకం వచ్చాక ఆడవేషాలు చాలాకాలం మగవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. వాళ్లలో మహానటులున్నారు. సత్యభామగా స్థానం నరసింహారావు నడిచిన నడకను ఆడవాళ్లే చూసి నేర్చుకోవాలనేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది కూడా. కానీ ఆడవేషం ఆడవాళ్లకే దక్కాలన్న పట్టుదలను ఒక పద్ధతిగా నిలబెట్టింది సురభి కుటుంబాలే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఆ సమాజంలో ఇల్లూ నాటకమూ వేరు కాదు. తెర వెనక ఇనప్పెట్టె మీద కూర్చుని అర్దళం పూసుకుంటున్న తల్లి, పక్కన నిద్రపోతున్న బిడ్డను ప్రహ్లాదుడి వేషానికి లేపుతుంది. కళ్లు నులుముకుంటూ లేచిన ఆ బిడ్డ ముఖానికి ముందు రంగు పడుతుంది, తర్వాత పాలగ్లాసు అందుతుంది.

అలాంటి ఇంట్లో పుట్టినవారే సురభి కమలాబాయి.

పుట్టడం కూడా రంగస్థలం మీదే అని సురభి వాళ్లు చెప్పుకుంటారు. తల్లి నిండునెలలతో దమయంతి వేషం కట్టారట. ఆట మధ్యలో నొప్పులు మొదలయ్యాయి. తెర దించారు. కాసేపటికి లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, అదీ నాటకంలో భాగమే అనుకున్నారట జనం. ఆ పిల్ల నాటకాల్లోనే నడక నేర్చింది, మాట నేర్చింది, శ్రుతి నేర్చింది. తెలుగులో తొలి టాకీ తీయబోయిన హెచ్.ఎం. రెడ్డికి పాడుతూ నటించగల నాయిక కావలసి వచ్చినప్పుడు కమలాబాయి దొరికారు. ఆయన తీసింది కూడా సురభి ఆడుతూ వచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకమే. ‘భక్త ప్రహ్లాద’లో హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు అనే చిన్న పిల్లవాడు, లీలావతి కమలాబాయి. పాటలు రాసింది ఖమ్మం ప్రాంతపు చందాల కేశవదాసు. తెలుగు నాటకాలు తెర ఎత్తే ముందు తరతరాలుగా పాడుకున్న ప్రార్థన కూడా ఆయన రాసిందే. 1932 ఫిబ్రవరి 6న ఆ సినిమా విడుదలైంది.

ఆ తర్వాత కమలాబాయి బొంబాయిలో ఏళ్ల తరబడి ఉండి హిందీ చిత్రాల్లోనూ నటించారు. ఆమె ఒక్కరే కాదు. నాటకాల్లో పేరు తెచ్చుకున్న కన్నాంబ 1935లో ‘హరిశ్చంద్ర’ చంద్రమతిగా తెర మీదికి వెళ్లిపోయారు. ఋష్యేంద్రమణిదీ అదే దారి. పల్లెల్లో చాపలు పరిచిన మైదానాల్లోకే మెల్లగా టూరింగ్ టాకీసు డేరా వచ్చి చేరింది. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. నాటకం వాళ్ల పొట్ట నింపలేకపోయింది, సినిమా నింపింది. పైగా సినిమాలో ఒకసారి పాడితే చాలు, అది ఎప్పటికీ ఉండిపోతుందన్న ఆశ కూడా ఉంది.

ఆ ఆశే మోసపోయింది. ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఇవాళ ఎక్కడా దొరకడం లేదు. తెలుగువాళ్ల మొదటి టాకీ నాయిక మొదటిసారి తెర మీద ఎలా నిలబడిందో, హిరణ్యకశిపుడి ముందు కొడుకు కోసం ఎలా ప్రాధేయపడిందో చూడాలంటే దారి లేదు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో కమలాబాయి కనిపిస్తారు, తోటరాముడి తల్లిగా. ఎన్టీ రామారావు పక్కన ఆమె తల్లడిల్లే తీరులో రంగస్థలం మీద పెరిగిన మనిషి తెలుస్తూనే ఉంటుంది. మాట చివర చిన్నగా సాగుతుంది, చేయి ముందు కదిలి తర్వాత కళ్లు కదులుతాయి. కానీ తెర మీది మనిషికి మన అరుపు వినపడదు. ఎంత గట్టిగా అడిగినా ఆమె వెనక్కి తిరిగి ఇంకోసారి పాడదు.

చిత్రమేమంటే, ఆమె వదిలి వెళ్లిన రంగస్థలం మీద లీలావతి చావలేదు. 1937లో పుట్టిన సురభి శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ఇప్పటికీ ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’, ‘భక్త ప్రహ్లాద’ ఆడుతూనే ఉంది. ఆ మండలిని దశాబ్దాల పాటు నడిపిన ఆర్. నాగేశ్వరరావు, అందరికీ సురభి బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకుని 2022లో కన్నుమూశారు. ఆయన వెనక వాళ్లు ఆపలేదు. నారదుడు ఇంకా మేఘాల్లోంచి దిగుతున్నాడు, నిప్పుల బాణాలు ఇంకా గాలిలో ఢీకొంటున్నాయి. వీటన్నిటి మధ్య సురభి ఇంటి ఆడపడుచు ఒకరు లీలావతిగా నిలబడి కొడుకు కోసం కన్నీరు పెడుతున్నారు. రీలు దాచలేని పాత్రను మనుషులు ఒంట్లో దాచుకుని తల్లి నుంచి బిడ్డకు అందిస్తున్నారు. కమలాబాయి తిరిగి రావడం అంటూ ఉంటే అది ఈ దారిన మాత్రమే.

అందుకే వనపర్తి వాళ్లకు ఒక మనవి. సంస్థానాధీశులు కట్టించిన కోటలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది, మంచిదే. వాళ్లే కట్టించిన శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి మాత్రం గుడిగానే ఉంది, చెరువు ఒడ్డున ఏటా జాతర జరుగుతూనే ఉంది. రంగుల రాట్నానికి చోటిచ్చినట్టే ఒక రెండు రాత్రులు సురభికి చోటివ్వండి. విష్ణువు గుడి ముందు ‘భక్త ప్రహ్లాద’ కంటే తగిన ఆట ఏముంటుంది? సామాను లారీ ఖర్చు, మనుషుల భోజనం, పనికి తగ్గ పైసలు ముందే మాట్లాడి పంపండి. కళ మీద ప్రేమ ఉందని చెప్పి కూలి ఎగ్గొట్టొద్దు. చూసేవాళ్లు ఎవరి చాప వాళ్లు తెచ్చుకోండి, పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి. లీలావతి మొదటి పద్యం ముగించగానే గట్టిగా వన్స్‌మోర్ కొట్టండి.