మెడకూ గజ్జకూ మధ్య

"ఏందబ్బాయ్, పడుకోబెట్టి పలకవు?"

నా గదికొచ్చే పెద్దవాళ్ళు చాలామంది అడిగే మొదటి మాట ఇదే. రెండు చేతులకు, రెండు చీలమండలకు పట్టీలు చుట్టి, మణికట్టుకు ఈసీజీ క్లిప్పులు తగిలించి, "పది నిమిషాలు మాట్లాడొద్దు బాబాయ్, అలాగని నిద్రపోవద్దు" అంటాను. పరీక్ష అయిపోతోందనుకుంటారు. ఇంకా మొదలే కాలేదు. మెషిన్ పని రెండు మూడు నిమిషాలు. దానికి ముందున్న పది నిమిషాలే నా ఉద్యోగం.

తాడేపల్లిలో రక్తనాళాల పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని. ఉండవల్లి, పెనుమాక, కుంచనపల్లి నుంచి ఆటోల్లో వస్తారు. మిరప సీజన్‌లో గుంటూరు యార్డులో సరుకు దింపి, అటునుంచి అటే వచ్చేవాళ్ళూ ఉంటారు. పట్టీ చుట్టడానికి చొక్కా చెయ్యి పైకి మడవగానే ఘాటు గుప్పుమంటుంది. ఆయన తుమ్ముతాడు, నేను తుమ్ముతాను, పది నిమిషాల లెక్క మళ్ళీ మొదలు. టీ తాగారా, చుట్ట కాల్చారా అని అడుగుతాను. మూడు గంటల లోపు తాగితే అంకె నమ్మడానికి లేదు. "ఒక్క గుక్కేలే" అన్నవాళ్ళను కూడా బయట కూర్చోబెడతాను. తిట్టుకుంటారు.

ఇంతకీ కొలిచేది ఏమిటి? మాది కృష్ణా కెనాల్ స్టేషన్ పక్క. చిన్నప్పుడు పట్టాకు చెవి ఆనించి, రైలు కనబడకముందే "వస్తోందిరో" అని అరిచేవాళ్ళం. అమ్మ చూస్తే వీపు విమానం మోత మోగేది. ఉక్కు గట్టిది కాబట్టి చప్పుడు గాలిలో కంటే పట్టాలో పదింతలకు పైగా వేగంగా పరుగెత్తుతుంది. ఒంట్లోనూ అంతే. గుండె కొట్టిన ప్రతిసారీ రక్తనాళం గోడ వెంట ఒక అల బయల్దేరుతుంది. రక్తం మెల్లగానే పోతుంది, అల మాత్రం దాన్ని ఎప్పుడో దాటిపోతుంది. నాళం మెత్తగా సాగుతుంటే అల నిదానిస్తుంది, బిగుసుకుపోతే ఉరుకుతుంది. ఆ వేగాన్నే పల్స్ వేవ్ వెలాసిటీ అంటాం. కుర్రవాళ్ళ బృహద్ధమనిలో అది సెకనుకు అయిదారు మీటర్లు. పది దాటితే డాక్టరు గారు కాగితం మీద నుంచి తలెత్తి మనిషిని చూస్తారు.

వేగం పెరిగితే నష్టమేమిటని అడుగుతారు. అల కిందిదాకా వెళ్ళి వెనక్కి తిరిగొస్తుంది. మెత్తటి నాళంలో అది గుండె దగ్గరికొచ్చేసరికి గుండె సేదదీరుతూ ఉంటుంది. బిగిసిన నాళంలో ముందే వచ్చి, ఇంకా రక్తం తోస్తున్న గుండెకు ఎదురు తగులుతుంది. పై బీపీ ఎక్కుతుంది, కింది బీపీ దిగుతుంది. 160కి 70 ఉన్న ముసలాయన కాగితం చూస్తే నాకు కనబడేది ఆ రెంటి మధ్య తేడా 90. ఆ దెబ్బలన్నీ చివరికి మూత్రపిండాల్లో, మెదడులో ఉన్న సన్నటి నాళాలకు తగులుతాయి.

ఈ అలను నాడి దగ్గర పట్టి కాగితం మీద గీయించి చదివినవాళ్ళలో మనవాళ్ళ రక్తం ఉన్నాయన ఒకరున్నారు. ఫ్రెడరిక్ అక్బర్ మహమద్. తాతగారు పాట్నాలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన షేక్ దీన్ మహమద్. మనవడు 1870ల్లో లండన్ గైస్ హాస్పిటల్‌లో నాడి గీతలు చూసి, మూత్రపిండాల జబ్బు లేనివాళ్ళకూ రక్తపోటు ఉంటుందని పట్టుకున్నాడు. 1884లో, ముప్పై అయిదేళ్ళకే టైఫాయిడ్‌తో పోయాడు. అప్పటికింకా చేతికి బీపీ పట్టీయే రాలేదు.

ఇప్పుడు అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి మెడ దగ్గర నాడినీ, గజ్జ దగ్గర నాడినీ పట్టుకుని మధ్యలో అలకు పట్టిన సమయం చూడటం. పుస్తకంలో ఒక్క వాక్యం. మన ఊళ్ళో ఒక మామ్మగారిని గజ్జ దగ్గర చీర పక్కకు జరపమని ఒక మగ టెక్నీషియన్ అడిగి చూడాలి. సిస్టర్ లేకపోతే ఆ పరీక్ష లేనట్టే. అందుకే చేతులకూ చీలమండలకూ పట్టీలు చుట్టి కొలిచే మెషిన్లు మన దగ్గర నిలబడ్డాయి. హైదరాబాద్‌లో తయారైన పెరిస్కోప్ అలాంటిదే. దాని కొలతలు ఎంతవరకు నమ్మవచ్చో అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో ఎం.యు.ఆర్. నాయుడు గారి బృందం పరీక్షించి 2005లో పత్రం వేసింది. ఈ పద్ధతిలో కాళ్ళ నాళాలు కూడా కలుస్తాయి కాబట్టి అంకె పెద్దదొస్తుంది. రెండు పద్ధతుల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే చోట, నేను చేసిన తప్పు ఈ మెడా గజ్జల మధ్యే ఉంది. పొట్ట బాగా ఉన్న షావుకారు ఒకాయన వచ్చాడు. దర్జీ కొలిచినట్టు టేపుని మెడ నుంచి పొట్ట మీదుగా గజ్జ దాకా లాగాను. 64 సెంటీమీటర్లు. దాన్ని 0.8తో గుణించి, అలకు పట్టిన 48 మిల్లీసెకన్లతో భాగిస్తే 10.7 మీటర్లు. ఆయన మొహం పాలిపోయింది. వారం తర్వాత మళ్ళీ వస్తే మా సీనియర్ టేపు నా చేతిలోంచి తీసుకుని, పొట్టకు తగలకుండా పక్కనే బల్ల మీద తిన్నగా పరిచాడు. 56. సమయం అదే 48. లెక్క 9.3కి దిగింది. ఆయన నాళంలో ఏ మార్పూ లేదు. బిగుసుకున్నది ఆయన పొట్ట మీద నా టేపు.

ఆ 0.8 ఎందుకని తర్వాత చదువుకున్నాను. అల బయల్దేరేది గుండె దగ్గర. మెడకు పైకి, గజ్జకు కిందికి, రెండూ ఒకేసారి వెళతాయి. కాబట్టి మెడ నుంచి గజ్జ దాకా ఉన్న దూరమంతా అల నడవదు. 2007 యూరప్ మార్గదర్శకాల్లో అల వేగానికి హద్దు సెకనుకు 12 మీటర్లు. 2012లో నిపుణులు దూరాన్ని 0.8తో గుణించమన్నారు, 12 కాస్తా 9.6 అయింది, దాన్ని 10 చేశారు. జనం నాళాలు రాత్రికి రాత్రి మారలేదు. టేపు మారింది. నా తప్పు నా ఒక్కడిదే కాదని కొంచెం ఊరట కలిగింది.

ఇంకో పాఠం మిరప కోతలకెళ్ళే మామ్మగారు నేర్పింది. ఇరవై ఏళ్ళ షుగరు, మడమ మీద మానని పుండు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగించే ఏబీఐ పరీక్ష చేశాను. 0.9 కంటే తగ్గితే కాలికి రక్తం సరిగ్గా అందనట్టు. ఆమెకు చేతిలో 140, చీలమండలో 210. నిష్పత్తి 1.5. "కాలికి రక్తం దండిగా ఉంది మామ్మగారూ" అనేశాను. 1.4 దాటితే మంచిదని కాదు, సున్నం పేరుకున్న నాళాన్ని పట్టీ నొక్కలేకపోతోందని అర్థం. గట్టి పైపుని ఎంత నొక్కినా నీళ్ళు ఆగవు కదా. బొటనవేలికి చిన్న పట్టీ వేసి చూస్తే 50 వచ్చింది. 0.7 ఉండాల్సిన చోట 0.36. ఆమెను ఆ రోజే పెద్ద డాక్టరు దగ్గరికి పంపారు. చిన్న అంకెకే భయపడాలనుకునేవాణ్ణి, పెద్ద అంకెకూ భయపడాలని తెలిసింది.

ఈమధ్య క్యాంపుల్లో వేలికి క్లిప్పు పెట్టి "మీ నాళాల వయసు 72" అని చీటీ ఇస్తున్నారు. యాభై ఏళ్ళ మనిషి ఆ చీటీ జేబులో పెట్టుకుని నా దగ్గరికొస్తాడు, ముఖం వేలాడేసుకుని. ఎండలో క్యూలో నిలబడి, టీ తాగి, పక్కవాడితో గట్టిగా మాట్లాడుతూ ఇచ్చిన వేలు అది. ఆయనకు ఆ చీటీ మీద ఏమీ చెప్పను. పడుకోబెట్టి, పది నిమిషాలు ఊరుకోమంటాను. చాలాసార్లు బీపీయే ముందు దిగుతుంది, దాంతోపాటు అల కూడా నిదానిస్తుంది. నిజంగానే ఎక్కువుంటే, ఉప్పు, చుట్ట, నడక, మాత్రల సంగతి డాక్టరు గారు చూసుకుంటారు.

మెడ, గజ్జ పద్ధతిలో చేసిన ప్రతి రిపోర్టు కింద ఇప్పుడు చేత్తో ఒక ముక్క రాస్తున్నాను. మళ్ళీ ఏడాదికి ఆ మనిషి ఏ ఊళ్ళో పరీక్ష చేయించుకున్నా, చేసేవాడికి అక్కరకొస్తుందని: "దూరం 56 సెం.మీ. బల్ల మీద కొలిచింది, పొట్ట మీద కాదు."