లేచి నడవనివ్వండి

పెద్దవాళ్ళున్న ఇళ్ళ నుంచి వచ్చే ఫోన్లలో "బాత్రూంలో పడ్డారట" అన్నది తరచూ వినే మాటే. వినగానే "ఏం విరిగింది?" అని అడుగుతాం. ఏమీ విరగలేదంటే హమ్మయ్య అనుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోతాం. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ అడగరు. పడిన మనిషి మర్నాటి నుంచి గోడ పట్టుకుని నడుస్తుంది. వారం తిరిగేసరికి పెరట్లోకి వెళ్ళడం మానేస్తుంది. గుడికి వద్దులే అంటుంది, పక్కింటి పేరంటానికి రాలేనంటుంది. ఇంట్లోవాళ్ళు కూడా "నువ్వలా కూర్చో, అన్నీ మేం చూసుకుంటాం" అంటారు. ప్రేమతోనే అంటారు. ఒక్క ఎముకా విరగకుండానే ఆ మనిషి కాళ్ళు పనికి రాకుండా పోతాయి.

65 దాటినవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరు ఏటా ఏదో ఒకసారి పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పడిపోవడం వల్ల ప్రపంచం మొత్తం మీద ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారని దాని అంచనా. ప్రమాదాల్లో పోయే ప్రాణాల లెక్క తీస్తే, రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. హెల్మెట్ పెట్టుకోమని కొడుక్కి రోజూ చెప్పే తల్లిదండ్రులున్నారు. బాత్రూంలో పట్టుకోవడానికి ఏదైనా ఉందా అని తల్లిదండ్రులను అడిగే కొడుకులు ఎందరున్నారు?

నాకు అరవై దాటాక కుడి మణికట్టు విరిగింది. వానాకాలం, పెరట్లో కుళాయి దగ్గర నాచు. కాలు జారగానే చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది, ఒంటి బరువంతా అరచేతి మీద పడింది. చూస్తుండగానే చెయ్యి బోర్లించిన ఫోర్కులా వంకర తిరిగి, మోచేతి దాకా వాచిపోయింది. ఆసుపత్రికి వెళ్ళేసరికి గాజులు కదలలేదు. మట్టిగాజులు పగలగొట్టారు. బంగారు గాజు మిగిలింది, మా అమ్మ చేయించింది. సబ్బు నురుగు రాశారు, కొబ్బరినూనె రాశారు, రాలేదు. చివరికి నర్సమ్మ ఒక చిన్న కట్టరు తెచ్చి, గాజుకీ చర్మానికీ మధ్య స్కేలు ముక్క ఒకటి దూర్చి, "చూడకండమ్మా, అటు తిరగండి" అంటూ కోసింది. రెండు ముక్కలనూ పాత ప్రిస్క్రిప్షన్ కాగితంలో పొట్లం కట్టి నా ఎడమ చేతిలో పెట్టింది. చేతికి దెబ్బ తగిలితే నొప్పి సంగతి తర్వాత, ముందు ఉంగరాలూ గాజులూ తీసెయ్యాలని అందరికీ చెబుతుంటాను. వాపు మొదలయ్యాక రావు.

కుడిచెయ్యి పిండికట్టులో ఉంటే మన బతుకు ఎలా ఉంటుందో పడితే గాని తెలియదు. జాకెట్టు హుక్కులు, జడ, చీర కుచ్చిళ్ళు, అన్నిటికీ ఒకరు కావాలి. చెంచాతో పప్పన్నం తింటే తిన్నట్టే ఉండదు. అన్నిటికంటే కష్టం, ఎడమచేత్తో డబ్బివ్వడం. కూరగాయల బండి అతనికి నోటు అందిస్తూ "ఎడమచెయ్యి, ఏమీ అనుకోకు నాయనా" అనేదాన్ని. "ఇటివ్వండమ్మా, లక్ష్మికి కుడీ ఎడమా ఏంటి" అని అతనే సంచి గుమ్మందాకా తెచ్చిపెట్టేవాడు. ఇంకొకరి మీద ఆధారపడటం ఇంత భారంగా ఉంటుందని నేననుకోలేదు. ఇన్నేళ్ళూ నలుగురికి చేసిపెట్టిన చెయ్యి అది.

ఈ దెబ్బకు వైద్యపుస్తకాల్లో కోలిస్ ఫ్రాక్చర్ అని పేరు. డబ్లిన్‌లోని అబ్రహం కోలిస్ అనే శస్త్రవైద్యుడు 1814లో దీన్ని వర్ణించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు, అది రావడానికి ఇంకా ఎనభై ఏళ్ళు పట్టింది. చేత్తో తడిమి, చూసి, మణికట్టుకి అంగుళంన్నర పైన ఎముక విరిగిందని చెప్పాడాయన. రెండు వందల ఏళ్ళు గడిచినా ఆడవాళ్ళకు యాభై దాటాక తరచుగా విరిగేది ఈ ఎముకే. బహిష్టులు ఆగిన తర్వాతి కొన్నేళ్ళలో ఎముక బలం వేగంగా తగ్గిపోతుంది.

నన్ను చూసిన ఆసుపత్రిలో ఎముక సరిచేశారు, కట్టు వేశారు, ఆరు వారాలకు విప్పారు. చెయ్యి బాగైంది, ఇక రానక్కర్లేదన్నారు. ఇంత చిన్న జారుడుకే ఎముక ఎందుకు విరిగిందో ఒక్కరూ చెప్పలేదు. నిలబడ్డ మనిషి నేలమీద పడితే గట్టి ఎముక సాధారణంగా విరగదు. విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమో చూడాలి. దానికి డెక్సా స్కాన్ చేస్తారు. నొప్పి ఉండదు, సూదీ ఉండదు, పడుకుంటే చాలు. టీ స్కోరు మైనస్ 2.5 గాని, అంతకు కిందకు గాని ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. దీనికి మందులున్నాయి. వారానికొకసారి వేసుకునే మాత్ర ఉంది, ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కించేదీ ఉంది. ఆ మాత్రను పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట నడుం వాల్చకుండా ఉండాలి. రాగులు, పాలు, నువ్వులు, ముల్లుతో నమిలే నెత్తళ్ళు మంచివే గానీ, గుల్లబారిన ఎముకకు అవి మాత్రమే చాలవు.

మణికట్టు దెబ్బను ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదో చెబుతాను. అరవైలో పడితే చెయ్యి ముందుకు వస్తుంది, మణికట్టు విరుగుతుంది. డెబ్భై దాటాక ఆ చురుకు తగ్గుతుంది. చెయ్యి సమయానికి రాదు, మనిషి పక్కకు కూలబడుతుంది, బరువు తుంటి మీద పడుతుంది. అంటే ఇవాళ మణికట్టు విరిగిన మనిషికి పదేళ్ళ తర్వాత తుంటి విరగకుండా చూసుకోవడానికి టైము ఉందన్నమాట. ఆ టైముని కట్టు విప్పి ఇంటికి పంపేసి పోగొడుతున్నాం.

తుంటి దెబ్బ అలాంటి ఇలాంటిది కాదు. తొడ ఎముక పైన బంతిలా ఉండే తలకు రక్తం దాని మెడ దగ్గరి సన్నని నాళాల గుండా వెళుతుంది. మెడ విరిగి జరిగితే ఆ నాళాలు తెగి, బంతి చచ్చుబడిపోవచ్చు. అందుకే వయసు పైబడినవాళ్ళకు విరిగినదాన్ని తీసేసి లోహపు బంతి పెడతారు. కొంచెం కింద విరిగితే రాడ్డు వేస్తారు. మా పెద్దమ్మకు తుంటి విరిగినప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని "ఈ వయసులో కోత ఎందుకు, మంచంలో ఉంచి చూసుకుందాం" అన్నారు. నిజంగానే కళ్ళలో పెట్టుకుని చూసుకున్నారు. అయినా వీపున పుండ్లు పడ్డాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, ఆవిడ మళ్ళీ కూర్చోలేదు. మా వీధిలోనే ఎనభై దాటిన ఇంకొకావిడకు రెండో రోజే ఆపరేషన్ చేశారు. మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి మంచం అంచున కూర్చోబెట్టి, వాకరు చేతికిచ్చి నిలబెట్టింది. ఆవిడ ఏడ్చింది, తిట్టింది, నిలబడింది. ఇప్పుడు వాకరుతో తులసికోట దాకా వచ్చి దీపం పెట్టుకుంటోంది. పెద్ద వయసులో తుంటి ఆపరేషన్ చేసేది మనిషిని మంచం మీంచి లేపడానికే. గుండెకూ ఊపిరితిత్తులకూ మరీ ప్రమాదమని డాక్టరు చెబితే తప్ప, వయసు చూసి వద్దనకూడదు, ఆలస్యం చెయ్యకూడదు. తుంటి విరిగినవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండా పోతున్నారు. చాలామందిని తీసుకెళ్ళేది పడకే.

మా వైపు ఎముక విరిగిందనగానే పుత్తూరు కట్టు మాట వస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ పెట్టి వేసే ఆ కట్టుకి తరాల నమ్మకముంది. తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. ఆ కట్టు వేసే కుటుంబాల చేతి నేర్పును నేను తక్కువ చెయ్యను. ఎక్స్‌రే తీసి, ఎముక జరగలేదని తేలిన చిన్న దెబ్బల సంగతి వేరు. తుంటి విరిగిన మనిషిని మాత్రం వెదురుబద్దలతో మంచంలో పెట్టకూడదు. అందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఖర్చు భయం ఉన్న ఇళ్ళకు ఒక మాట. 70 ఏళ్ళు నిండినవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం అందించే ఏర్పాటు 2024 అక్టోబరులో మొదలైంది. ఆధార్‌తో కార్డు తీసుకోవచ్చు. దెబ్బ తగిలిన రోజు పరుగులు పెట్టేకంటే, ఇప్పుడే తీసి బీరువాలో పెట్టడం మేలు.

శరీరం ఒకసారి దెబ్బతింటే మనసు ప్రతిదానికీ ఉలిక్కిపడుతుంది. ఛాతీలో గ్యాసు పట్టినా గుండేమో అనిపిస్తుంది, కాస్త తల తిరిగితే పక్షవాతమేమో అనిపిస్తుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇక తెల్లారదు. ఈ భయాలు ఉత్తవని నేను చెప్పను. కొన్ని నిజమే అవుతాయి. ఛాతీ నొక్కేసినట్టున్నా, మూతి వంకరపోయినా, మాట తడబడినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. మిగతావాటిని నేను ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుంటాను. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు అది చదువుతాను, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి బల్ల మీద పెడతాను. ఒక డాక్టరు రాసిన బీపీ మాత్ర, ఇంకొకరు రాసిన నిద్రమాత్ర, మగవాళ్ళకైతే ప్రోస్టేట్ మాత్ర, ఇవన్నీ కలిసి లేవగానే కళ్ళు తిరిగేలా చెయ్యగలవు. తెల్లవారుజామున పరుగున బాత్రూంకి వెళుతూ పడినవాళ్ళలో ఎంతమందిని పడేసింది ఈ మాత్రలో! వాటిని మనంతట మనం ఆపకూడదు, అడిగి తగ్గించుకోవాలి. మంచం మీద లేచి కూర్చుని, కాసేపు కాళ్ళాడించి, అప్పుడు నిలబడాలి.

పెద్దవాళ్ళు పడిన సంగతి దాచిపెడతారు. ఇది నేను చాలా ఇళ్ళలో చూశాను. మోకాలు చీరుకుపోతే చీర కిందికి లాక్కుంటారు, నడుం పట్టేస్తే దిండు మారిందంటారు. చెబితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. హైదరాబాదు నుంచో డాలస్ నుంచో ఫోను వస్తుంది, "ఒక్కదానివే ఎందుకమ్మా, ఇల్లు తాళం పెట్టి వచ్చెయ్" అంటారు. లేకపోతే మెట్లెక్కొద్దు, వంట చెయ్యొద్దు, బయటికి పోవద్దు అని ఆంక్షలు మొదలవుతాయి. నలభై ఏళ్ళు బతికిన ఇల్లు, తెలిసిన పాలవాడు, పిలిస్తే పలికే పక్కింటివాళ్ళు, ఇవన్నీ ఒక్క జారుడుతో పోతాయన్న భయం ముందు మోకాలి నొప్పి ఏపాటిది? అందుకే దాస్తారు. దాచిన దెబ్బకు వైద్యం ఉండదు, పడిన కారణం తెలియదు, రెండోసారి అక్కడే పడతారు.

కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో చెప్పే పరిశోధన ఒకటి 2007లో అమెరికాలో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పది రోజులు మంచంలోనే ఉంచి చూస్తే కాళ్ళలో కండ దాదాపు కిలో తగ్గిపోయింది. జబ్బు లేనివాళ్ళ సంగతే అది. దీనికి ఎదురుగా, న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు పెద్దవాళ్ళ కోసం ఇంట్లోనే చేసే కాళ్ళ వ్యాయామాలు, నిలకడ వ్యాయామాలు తయారుచేశారు. అవి చేసినవాళ్ళు పడటం సుమారు మూడో వంతు తగ్గింది. గొప్ప పరికరాలేమీ అక్కర్లేదు. కుక్కరు కూత వేసేలోగా వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, బొటనవేలి ముందు మడమ పెట్టి గోడవారగా నడవడం. ఇవి ఎవరైనా మొదలుపెట్టవచ్చు. ఎముక బలహీనమని తెలిసినవాళ్ళు మాత్రం ఫిజియోథెరపీ వాళ్ళను ఒకసారి అడిగి చెయ్యాలి.

మనిషిని ఆపే బదులు ఇంటిని సరిచెయ్యాలి. తువ్వాలు వేసుకునే కడ్డీ ఆసరా కాదు, బరువు పడితే గోడలోంచి ఊడివస్తుంది. స్నానం చేసేచోటా, కమోడ్ పక్కనా గోడలోకి బోల్టులు దిగేసిన స్టీలు కడ్డీలు పెట్టించాలి. బాత్రూం తలుపు లోపలికి తెరుచుకునేదైతే, లోపల పడిన మనిషే తలుపుకు అడ్డమవుతుంది, బయటి నుంచి ఎవరూ తొయ్యలేరు. దాన్ని బయటికి తెరుచుకునేలా మార్పించండి, లోపల గడియ పెట్టుకోవద్దని చెప్పండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న దీపం వెలగాలి. నునుపు టైల్సు మీద జారే కాలిపట్టలు తీసెయ్యండి. అడుగు అరిగిన హవాయి చెప్పులు పారెయ్యండి. గడప కనబడేలా అంచుకు పసుపు రాయండి. ఆ పసుపు అలంకారమూ అవుతుంది, గుర్తూ అవుతుంది. చెప్పుకోవడానికి ఎవరూ లేని వృద్ధులకు 14567 అనే ఎల్డర్‌లైన్ నంబరు ఉంది, దాన్ని గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి.

ఈ వారం ఇంటికి ఫోను చేసినప్పుడు మీ అమ్మనో నాన్ననో ఒక్క మాట అడగండి: "ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా?" అవునంటే కోప్పడకండి, రమ్మని బలవంతపెట్టకండి, కదలొద్దని మాత్రం అస్సలు అనకండి. ఎక్కడ పడ్డారో, ఏ టైములో పడ్డారో కనుక్కోండి. ఎముకల పరీక్ష చేయించండి, ఆ చోట ఒక కడ్డీ పెట్టించండి. ఆ తర్వాత వాళ్ళ మానాన వాళ్ళను నడవనివ్వండి.