వృద్ధులలో చక్కెర పడిపోవడం

మధుమేహం ఉన్న ఇళ్లలో చక్కెర పెరుగుతుందన్న భయం ఎంత బలంగా ఉంటుందో, అది పడిపోవడం సూదులు వేసుకునేవారి బాధ మాత్రమే అన్న నమ్మకం కూడా అంత బలంగానే ఉంటుంది. అయితే క్లోమాన్ని ప్రేరేపించి ఇన్సులిన్‌ను విడుదల చేయించే గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి సల్ఫొనైలూరియా మాత్రలు మనిషి తిన్నా తినకపోయినా తమ పని తాము చేస్తూనే ఉంటాయి. డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గడాన్ని హైపోగ్లైసీమియా అంటారు; 54 కంటే తగ్గితే వెంటనే సరిదిద్దవలసిన తీవ్రస్థితిగా పరిగణిస్తారు.

తగ్గుదల మొదలైనప్పుడు అడ్రినలిన్ ప్రభావం వలన గుండెదడ, చేతుల వణుకు, వాటితోపాటు చెమట, ఆకలి కలుగుతాయి. మెదడుకు గ్లూకోజు చాలనప్పుడు మాట తడబడడం, మగత, పొంతనలేని ప్రవర్తన, కొందరిలో మూర్ఛ వస్తాయి. వృద్ధులలో మొదటి రకం హెచ్చరికలు మందగిస్తాయి. రక్తపోటుకో గుండెజబ్బుకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో దడ, వణుకు మరుగున పడినా చెమట మాత్రం పడుతుంది కనుక, కారణం లేకుండా పట్టిన చెమటను ఉక్కపోతగా కొట్టిపారేయరాదు.

వైద్యులకు పరిచితమైన ఒక సందర్భం ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. మూత్రపిండాల పనితీరు కొంత తగ్గిన డెబ్బై ఏళ్ల స్త్రీ కార్తీక సోమవారం నక్షత్ర దర్శనం దాకా ఉపవాసం ఉండదలచి, మందు మాత్రం మానరాదన్న శ్రద్ధతో ఉదయపు గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకుంటుంది. మధ్యాహ్నానికి మాట ముద్దగా మారి, ఒక చెయ్యి పట్టు తప్పడంతో ఇంటివారు పక్షవాతమనుకొని ఆసుపత్రికి చేరుస్తారు. అక్కడ వేలికొన రక్తపు చుక్క 38 చూపుతుంది. సిరలోకి గ్లూకోజు ఎక్కించిన కొద్దిసేపటికి ఆమె లేచి మాట్లాడుతుంది. ఇంటికి తీసుకుపోదామని కుటుంబం తొందరపడేది అప్పుడే, తొందరపడకూడనిదీ అప్పుడే. మూత్రపిండాలు మందును, దాని అవశేషాలను త్వరగా బయటికి పంపలేవు. పైగా ఎక్కించిన గ్లూకోజే, అప్పటికే మందు ప్రేరణలో ఉన్న క్లోమం చేత మరింత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. అందువలన చక్కెర రాత్రికి మళ్లీ పడిపోవచ్చు. ఇటువంటి రోగిని కనీసం ఒక రోజు, మూత్రపిండ వ్యాధి ఉంటే అంతకంటే ఎక్కువ కాలం, ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచడం అవసరం.

స్పృహలో ఉండి మింగగలిగినవారికి ఇంట్లో సుమారు 15 గ్రాముల గ్లూకోజు పొడిని నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత పరీక్షించి, పెరగకపోతే మళ్లీ ఇచ్చి, కుదుటపడ్డాక అన్నమో ఇడ్లీయో పెట్టాలి. వోగ్లిబోస్ కలిసిన మాత్రలు వాడేవారికి పంచదార నీళ్లు సకాలంలో పనిచేయవు. ఆ మందు పేగులో పంచదారను విడగొట్టనివ్వదు కనుక గ్లూకోజే ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోతుంది.

వృద్ధులకు, ముఖ్యంగా ఇతర జబ్బులున్నవారికి, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ ఏడు శాతానికి దిగితీరాలన్న పట్టుదల మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఎనిమిది దగ్గర ఉన్నా చాలామందికి అది సరైన లక్ష్యమే. ఉపవాసాల మాసం రాకముందే పెద్దవారి మందులచీటీని, మూత్రపిండాల స్థితిని తెలిపే క్రియాటినిన్ ఫలితాన్ని వైద్యునికి చూపి, ఆ రోజుల్లో ఏ మాత్ర తగ్గించాలో, ఏది మానాలో కుటుంబసభ్యులు తప్పక రాయించుకోవాలి.